బాకీ కింద ఒక రాత్రి

మోటారు చుట్టిన కూలీలో
పద్దెనిమిది వందలు ఆగిపోయినాయి.
తిరిగి తిరిగి మా ఆయన చెప్పులరిగినాక
మేనేజరు అన్నాడంట:
"సుంకన్నా, రూములు ఖాళీగుండాయి,
ఆమెను పిల్చుకోనొచ్చి ఒక రాత్రి పండుకోపో,
లెక్క సరిపోతాది."

అట్ల
బురుజు కింది సందులోనుంచి
హైవే మీది హోటలుకి
ఏడు కిలోమీటర్ల యాత్ర చేసినాం.
గుడ్డసంచిలో రెండు జతల బట్టలు.
చెంబు కూడా పెట్టినాను, ఆయనకు చెప్పకుండా.

కౌంటర్లో పిల్ల అడిగింది
ఏ ఊరినుంచి వస్తున్నారని.
కర్నూలే, అన్నాడు.
రాసుకోలేదు ఆ పిల్ల. మళ్లీ అడిగింది.

నాలుగో అంతస్తు.
కార్డు గోడలో గుచ్చితే
గది కండ్లు తెరిచింది.
దుప్పటి ఎంత తెల్లగుందంటే
తాకేకి భయమై
నేను కుర్చీ అంచున, ఆయన కింద బండల మీద,
పిల్లను చూసేకి వచ్చినోళ్ల మాదిరి
కొంచేపు ఊరికే కూర్చున్నాం.

స్నానానికి పోయినాను.
మా సందులో నీళ్లు
రెండు రోజులకొకసారి, తెల్లారుజామున,
కొళాయి దగ్గితే లేస్తాం.
ఇక్కడ పిడి తిప్పితే చాలు
వాన మాదిరి, వెచ్చగా, ఎవర్నీ బతిమాలకుండా.
ఆ నీళ్లను పైకెత్తింది
ఆయన చుట్టిన రాగితీగేనని
వీపు మీద పడినాక గుర్తొచ్చింది.
ఇరవై ఆరేండ్ల కాపురంలో
ఆయన నా తలకు నీళ్లు పోసింది
ఆ పొద్దే.

కర్టెన్ లాగినాను.
ఉల్లిగడ్డల లారీలు హైదరాబాదు దిక్కుకి.
దూరంగా, లైట్ల గుంపులో,
గోరంత బురుజు.
దాని నీడలోనే ఇన్నేండ్లు బియ్యం ఏరినాను,
రాళ్లు చూసినాను, పావురాల రెట్టలు చూసినాను,
మొత్తం బురుజు ఎన్నడూ చూడలేదు.
బొటనవేలు అడ్డం పెడితే
బురుజు, మా సందు, మిద్దె మీద ఆరేసొచ్చిన చీరె
అన్నీ దాని వెనక్కి పోయినాయి.
ఎందుకో గబుక్కున వేలు తీసేసినాను.

వరదొచ్చిన యేడు
నీళ్లు మా మిద్దె మెట్లు ఒక్కొక్కటే ఎక్కినాయి.
అప్పట్నుంచి
ఎవరింటికి పోయినా ముందు మెట్లు లెక్కపెడతాను.
నాలుగో అంతస్తు,
ఇక్కడిదాకా రావులే అని
నాకు నేనే చెప్పుకున్నాను.

నీళ్లు తీసినాక
ఊరి మోటార్లన్నీ బురద కక్కుకుంటా
మా వాకిట్లో ఎండినాయి.
జనం ఏడ్చుకుంటా తెచ్చిచ్చినారు,
మేము లెక్కపెట్టి తీసుకున్నాం.
ఆ డబ్బుతో చేయించుకున్న కమ్మలు
ఇప్పటికీ చెవులకు బరువే.

ఏసీ చల్లగుంది. నిద్ర రాలేదు.
మా ఇంట్లో ఐతే
కింది హోటల్లో గిన్నెలు కడిగే చప్పుడు ఆగినాకనే
నాకు కన్ను మూతపడేది.
"పండుకున్నావా?" అన్నాను.
"ఉష్. విను."
ఎక్కడో కింద, భూమి లోపల,
సన్నగా ఒక గుయ్.
"మనదే," అన్నాడు.
పసిబిడ్డ ఊపిరి వినేటోని మాదిరి
చెవి దిండుకానించి, నొసలు ముడిచి,
"బేరింగు అరుస్తాంది. రెండు నెల్లు కూడా రాదు."

పొద్దన్నే టిఫినుకి పిలిచినారు.
ఉగ్గాని లేదు.
బ్రెడ్డుకి వెన్న రాసి చెయ్యి చాపితే
పక్కన మనిషి లేడు.
పెండ్లిండ్లకు తొడిగే తెల్లచొక్కాతోనే
సంపు గదిలోకి దిగి
మోచేతి దాకా గ్రీజుతో పైకొచ్చినాడు.
మేనేజరుకి చెప్పినావా, అంటే
"చెప్తే మళ్లీ ఒక రాత్రి రాసిస్తాడు," అని నవ్వినాడు.
చిన్న సబ్బుబిళ్ల నా సంచిలో ఉండాదని
నేనూ ఎవరికీ చెప్పలేదు.

రోడ్డు మీద షేరాటో పిల్లోడు
మా సంచిని, నా విరబోసిన తలను చూసి
"బురుజు చూసేకి వచ్చినారా అమ్మా?" అన్నాడు.
ఇరవైకి పోయే దారికి ముప్పై అడిగినాడు.
మా ఆయన నోరు తెరిచేలోగా
ఔను నాయనా, పోనీ,
అన్నాను.